దవాఖానల మధ్య పోటీని కొలవడం ఎలా: వరంగల్ కాన్పుల మార్కెట్‌తో అంచెలవారీ మార్గదర్శి

హనుమకొండలో ఒకే వీధిలో పది నర్సింగ్ హోం బోర్డులు కనిపిస్తే "ఇక్కడ పోటీ గట్టిగా ఉంది" అని డిసర్టేషన్‌లో రాసేస్తుంటారు. బోర్డులు లెక్కపెడితే పోటీ తేలదు. అందులో మూడు దవాఖానలు ఒకే కుటుంబానివి కావచ్చు. నాలుగింటికి పేషెంట్లను పంపేది అదే ఆర్ఎంపీల బృందం కావచ్చు. మిగిలినవాటి పేర్లు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ విననివి కావచ్చు. ఒక దవాఖాన కాదంటే పేషెంటు ఇంకెక్కడికి పోగలదన్నది తేలిన రోజే పోటీ ఎంత ఉందో తెలుస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

ఎంఏ, పీహెచ్‌డీ విద్యార్థులకూ, జిల్లా ఆరోగ్య లెక్కలతో పనిచేసే సంస్థలకూ పనికొచ్చేలా దీన్ని రాశాం. ఉదాహరణగా కాన్పులను తీసుకున్నాం. కాన్పు తేదీ ఎవరూ మరచిపోరు. ప్రభుత్వ, ప్రైవేటు దవాఖానలు రెండూ ఈ రంగంలో ఉన్నాయి. పైగా ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎదురుగానే ఉంది: ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం, తెలంగాణలో 60.7 శాతం.

## 1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

"వరంగల్ జిల్లాలో ఆరోగ్య సేవల ఆర్థిక విశ్లేషణ" అనేది ప్రశ్న కాదు, ఫైలు మీద రాసుకునే పేరు. ప్రశ్న ఇలా ఉండాలి:

- నర్సంపేట చుట్టుపక్కల గర్భిణులకు అసలు ఎన్ని దవాఖానలు అందుబాటులో ఉన్నాయి? (పోటీ)
- ప్రత్యామ్నాయాలు తక్కువున్న చోట కాన్పు ఖర్చు ఎక్కువా? (ధర)
- మధ్యలో ఏ మెట్టు దగ్గర ప్రభుత్వ దవాఖాన వదిలి ప్రైవేటుకు పోతున్నారు? (వినియోగం)

మూడింటికీ మూడు రకాల డేటా కావాలి. ఒక్కదాన్నే ఎంచుకోండి. మూడూ ఒకే సర్వేలో తేల్చుదామనుకుంటే ప్రశ్నావళి గంటన్నర సాగుతుంది, నలభయ్యో నిమిషం నుంచి జవాబులు మొక్కుబడిగా వస్తాయి.

## 2. మార్కెట్ హద్దు గీయండి

చాలా పరిశోధనలు చెడేది ఇక్కడే. జిల్లా సరిహద్దునే మార్కెట్ సరిహద్దు అనుకుంటారు. పేషెంటు కలెక్టరేటు మ్యాపు చూసి బస్సెక్కదు.

ముందు సేవను బట్టి గీయాలి. జ్వరానికి మార్కెట్ అంటే ఊళ్లో ఆర్ఎంపీ, మండలంలో పీహెచ్‌సీ, అంతే. గుండె ఆపరేషన్‌కు హైదరాబాదు కూడా మార్కెట్‌లోకి వస్తుంది, కాజీపేటలో రైలెక్కితే పూటలో చేరుకోవచ్చు కాబట్టి. మామూలు కాన్పుకు ఎవరూ అంత దూరం పోరు. ప్రమాదం ఉన్న కాన్పు మళ్లీ వేరే మార్కెట్. ఊళ్ల నుంచి అలాంటి కేసులు వరంగల్‌లోని ప్రభుత్వ దవాఖానలు ఎంజీఎంకు, సీకేఎంకు, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి దవాఖానకు రెఫర్ అవుతాయి. అందుకే ఈ రెండు రకాల కాన్పులను ఒకే గంపలో వేయొద్దు.

తర్వాత స్థలాన్ని బట్టి. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఎల్జింగా-హొగార్టీ పరీక్ష. అందులో రెండు నిష్పత్తులుంటాయి. మీరు గీసుకున్న ప్రాంతంలోని దవాఖానల్లో 1,000 కాన్పులు జరిగి, అందులో 820 ఆ ప్రాంతపు మహిళలవే అయితే మొదటి నిష్పత్తి 82 శాతం. ఆ ప్రాంతపు మహిళలకు మొత్తం 900 కాన్పులై, అందులో 820 లోపలే జరిగితే రెండోది 91 శాతం. రెండూ 75 శాతం దాటితే హద్దు ఒక మాదిరిగా, 90 దాటితే గట్టిగా కుదిరినట్టు లెక్క.

మొదటి చూపుకు ఈ పరీక్ష చాలు. తీర్పు ఇవ్వడానికి చాలదు. బయటికి పోయే పదిమందిని చూపించి "ధర పెరిగితే మిగతా తొంభైమందీ పోతారు" అనుకోవడం దీని లోపం. పోగలిగినవాళ్లు ముందే పోయారు. మిగిలినవాళ్లు పోలేనివాళ్లు కావచ్చు. అమెరికాలో ఎవన్‌స్టన్ ఆసుపత్రుల విలీనం కేసులో ఈ పరీక్షను రూపొందించిన ఎల్జింగానే ఆసుపత్రులకు ఇది సరిపడదని సాక్ష్యం చెప్పారు.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు పుట్టినిల్లు. తొలి కాన్పుకు అమ్మాయి తల్లిగారింటికి పోతుంది. ఆధార్‌లో మాత్రం అత్తగారి ఊరు ఉంటుంది. దవాఖాన రిజిస్టరులోకి ఆధార్ చిరునామా ఎక్కితే, పరకాల కోడలు జనగామలో కాన్పు చేయించుకోవడం "మంచి వైద్యం కోసం దూరం పోయింది" అన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమె తల్లిగారింటికి దగ్గరగా ఉన్న దవాఖానకే పోయింది. దీన్ని సరిదిద్దుకోకపోతే మార్కెట్ ఉన్నదానికంటే పెద్దదిగా, పోటీ ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. చేయాల్సింది ఇదీ:

- "నొప్పులు మొదలైనప్పుడు ఏ ఊళ్లో ఉన్నరు?" అని విడిగా అడగండి. దూరాన్ని ఆ ఊరి నుంచే కొలవండి.
- తొలి కాన్పులను, తర్వాతి కాన్పులను వేరు పట్టికల్లో చూపండి.
- రిజిస్టరు డేటా మాత్రమే దొరికితే రెండో కాన్పులతోనే హద్దు గీయండి. నమూనా చిన్నదైనా నమ్మకం ఎక్కువ.

ఇంకో మాట. గోదావరి అవతల మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ల నుంచీ పేషెంట్లు ఇటు వస్తారు. భూపాలపల్లి, ఏటూరునాగారం మీ ప్రాంతంలో ఉంటే ఈ రాకపోకలను లెక్కలో పెట్టాల్సిందే. దూరాన్ని రోడ్డు మీద పట్టే నిమిషాల్లో కొలవండి. కిలోమీటర్లలో, అందులోనూ మ్యాపు మీద గీత గీసి కొలిస్తే ఏజెన్సీ ఊళ్లన్నీ దవాఖానకు దగ్గరున్నట్టే కనిపిస్తాయి.

## 3. ఉన్న లెక్కలను ముందు వాడుకోండి

ఫీల్డుకు పోకముందు నెల రోజులు ఈ పనికి కేటాయించండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు ఉచితం. ఐదో సర్వేలో మాత్రం పేర్లు జాగ్రత్తగా చూడాలి. అందులో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని ఉంటాయి. 2021లో పేర్లు మారి హనుమకొండ, వరంగల్ అయ్యాయి, కొన్ని మండలాలు కూడా ఇటునుంచి అటు పోయాయి. అర్బన్ అంకెను తీసి "హనుమకొండ జిల్లా" అని రాస్తే పక్కాగా తప్పే.

జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) 75వ విడత (జులై 2017 - జూన్ 2018). ఆరోగ్య ఖర్చులకు ఇది ముఖ్యమైన ఆధారం. దవాఖానలో చేరిన సంగతులు 365 రోజులవి, మామూలు జబ్బులు 15 రోజులవి అడిగారు. రెండు ఫైళ్లనూ కలిపేసి సగటు తీస్తే అర్థం లేని అంకె వస్తుంది. వెయిట్లు (నమూనాలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే గుణకాలు) వేయకుండా పట్టిక తీయొద్దు. జిల్లా స్థాయి అంచనాలకు ఇందులో నమూనా చాలదు. రాష్ట్రం దగ్గర ఆగండి.

హెచ్ఎంఐఎస్ (దవాఖానలు పంపే అంకెలతో నడిచే ప్రభుత్వ ఆరోగ్య సమాచార వ్యవస్థ) నెలవారీ లెక్కలు. కాన్పు ఎక్కడ జరిగిందో ఆ జిల్లా ఖాతాలో పడుతుంది, తల్లి ఊరుతో పనిలేదు. అందుకే పెద్ద దవాఖానలున్న నగరంలో కాన్పులు అంచనాను మించి కనిపిస్తాయి, ములుగు లాంటి చోట తక్కువ కనిపిస్తాయి. దీన్ని చూసి "ములుగులో ఇంటి కాన్పులు ఎక్కువ" అని తేల్చేయకండి. ప్రైవేటు దవాఖానల రిపోర్టింగ్‌లో ఖాళీలు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. వరుసగా మూడు నెలలు ఒకే అంకె కనిపిస్తే అది కాపీ కొట్టిన అంకె అని అనుమానించాల్సిందే.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) కార్యాలయం. రిజిస్టరైన ప్రైవేటు దవాఖానల జాబితా ఇక్కడుంటుంది. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. "మొత్తం సమాచారం ఇవ్వండి" అంటే తిరస్కరించడం తేలిక. దవాఖాన పేరు, మండలం, మంజూరైన పడకలు, రిజిస్ట్రేషన్ తేదీ అని నాలుగు గడులు గీసి అడిగితే ఇచ్చేవాళ్లకూ సులువే.

ఆ జాబితా పట్టుకుని ఒకసారి వీధులు తిరగండి. మూతపడ్డవి, పేరు మారినవి, బోర్డున్నా కాన్పులు చేయనివి కొట్టేయండి. యజమాని ఎవరన్న గడి తప్పనిసరి. ఒకే యాజమాన్యం కింద ఉన్నవాటిని తర్వాత లెక్కల్లో ఒకటిగా చూడాలి.

## 4. అనుమతులు

ఇందులో చెప్పేది తక్కువే, ఆలస్యం చేస్తే మాత్రం మొత్తం పని ఆగిపోతుంది. సంస్థ ఎథిక్స్ కమిటీకి ప్రశ్నావళి, తెలుగు సమ్మతి పత్రం కలిపి ఇవ్వండి. ప్రభుత్వ దవాఖాన రికార్డులు కావాలంటే సూపరింటెండెంట్ అనుమతి విడిగా కావాలి. కడుపులో ఉన్నది మగబిడ్డో ఆడబిడ్డో ముందే తెలుసా అనే ప్రశ్న ఏ రూపంలోనూ వద్దు.

## 5. ఎంతమందిని అడగాలి, ఎవరిని అడగాలి

ఒక నిష్పత్తిని 5 శాతం అటూ ఇటూగా అంచనా వేయడానికి 384 మంది చాలు. ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటాం కాబట్టి దాన్ని 1.5తో హెచ్చించాలి: 576. పదిమందిలో ఒకరు దొరకరనుకుంటే 640. దీన్ని 32 గుంపులుగా, గుంపుకు 20 మందిగా పంచుకోండి. ఉదాహరణకు నగరం 12, మైదాన ఊళ్లు 12, ఏజెన్సీ ఊళ్లు 8. ఏజెన్సీ వాటా జనాభా కంటే ఎక్కువైంది కదా, విశ్లేషణలో వెయిట్లతో సరిచేయాలి.

ఇల్లిల్లూ తిరగడం దండగ. వెయ్యి జనాభాకు ఏడాదికి సుమారు 16 జననాలు. ఇంటికి నలుగురు లెక్కన చూస్తే సుమారు పదహారు ఇళ్లు తడితే ఒక కాన్పు దొరుకుతుంది. 20 కాన్పులు కావాలంటే 1,250 జనాభా ఉండాలి. చిన్న తండాలు, గూడేలైతే రెండు మూడు కలపాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గరి గర్భిణుల రిజిస్టరుతో మొదలుపెట్టండి.

ఆ రిజిస్టరులో ఎవరెవరు జారిపోతారో తెలుసుకునే పోవాలి:

- తల్లిగారింటికి పోయి ఇంకా రానివాళ్లు
- ఇటుక బట్టీల్లో, పత్తి ఏరివేతలో పనికి వచ్చిన వలస కుటుంబాలు
- బిడ్డ దక్కనివాళ్లు. టీకాల జాబితాతో మొదలుపెడితే వీళ్లు అసలే కనిపించరు. ఖర్చూ, రెఫరల్ కష్టమూ ఎక్కువగా పడింది వీళ్లే. ఈ ఇళ్లకు అనుభవమున్న మహిళా సర్వేయరే పోవాలి.

ములుగు, భూపాలపల్లి వైపు మేడారం జాతర ఉండే నెలలో ఫీల్డు పెట్టుకోకండి. ఇళ్లలో ఎవరూ ఉండరు, వాహనాలు దొరకవు. వానాకాలంలో జ్వరాల కేసులతో దవాఖానలు కిక్కిరిసి ఉంటాయి, రికార్డు గది తాళం తీసేవాళ్లు కూడా ఉండరు.

## 6. ప్రశ్నావళి

ప్రశ్నలు ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఉండాలి. "మీరు ఏ ఆరోగ్య సంస్థను వినియోగించుకున్నారు?" అంటే ముఖాముఖాలు చూసుకుంటారు. కాన్పును ఒక్క ఘటనగా కాకుండా వరుసగా అడగండి:

1. మొదటిసారి ఎవరికి చూపించుకున్నరు? (ఆర్ఎంపీని, మందుల షాపును కూడా పేరు పెట్టి చదవాలి. లేకపోతే చెప్పరు.)
2. స్కానింగ్ ఎక్కడ?
3. నొప్పులొచ్చినంక ముందు ఎక్కడికి పోయిండ్రు? అక్కడి నుంచి పంపిస్తే ఎక్కడికి?
4. ఆ దవాఖాన పేరు ఎవరు చెప్పిండ్రు?
5. ఆ రోజు అది బంద్ ఉంటే ఎక్కడికి పోయేది?
6. వాళ్లు ఇంకో 5,000 ఎక్కువ అడిగితే అక్కడే ఉండేదా, ఇంకెక్కడికైనా పోయేదా?

డబ్బు, సమయం తక్కువగా ఉండి సగం ప్రశ్నలు కొట్టేయాల్సి వచ్చినా 5, 6 వదలకండి. ప్రత్యామ్నాయం ఎక్కడుందో నేరుగా చెప్పేవి ఈ రెండే. "ఏమో, తెల్వదు" అనే జవాబుకు గడి పెట్టండి. అది ఎక్కువగా వచ్చిన ఊళ్లో పోటీ లేదనడానికి అదే ఆధారం.

కమీషన్ గురించి ఆర్ఎంపీని నేరుగా అడగొద్దు. జవాబు రాదు సరికదా, ఊరంతా మూసుకుపోతుంది. నాలుగో ప్రశ్న జవాబులను ఊళ్లవారీగా పేర్చండి. ఒకే మనిషి చెప్పిన పేరు మీద పదిమంది ఒకే దవాఖానకు పోయారంటే దారి ఎటు నడుస్తోందో కనబడుతుంది.

ఖర్చుల పట్టిక. "మొత్తం ఎంతైంది?" అని ఒక్క ప్రశ్నతో వదిలేస్తే ఆపరేషన్ ప్యాకేజీ మాత్రమే చెబుతారు. విడివిడిగా అడగాలి: ఓపీ ఫీజు, స్కానింగ్‌లు, రక్త పరీక్షలు, మందులు, ప్యాకేజీ, రక్తం, బాబునో పాపనో పెట్టెలో పెడితే దానికైనది, ఆటో లేదా అంబులెన్సు, తోడున్నవాళ్ల తిండి, వార్డులో చేతిలో పెట్టినవి, పోయిన కూలి. అప్పు తెస్తే నూటికి ఎంత వడ్డీకో రాసుకోండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం.

మళ్లీ పుట్టినిల్లే. తొలి కాన్పు ఖర్చు చాలా ఇళ్లలో తల్లిగారు పెట్టుకుంటారు. అత్తగారింట్లో కూర్చుని అడిగితే "మాకేం ఖర్చు కాలే" అంటారు, మీరు సున్నా వేసుకుంటారు. ఖర్చు పెట్టినవాళ్లు ఎవరో ముందు అడిగి, వాళ్లకు ఫోన్ చేసి పట్టిక నింపండి.

## 7. వాటాలు, సూచిక

ప్రతి మార్కెట్‌లో ఒక్కో దవాఖాన కాన్పుల వాటా తీసి, వర్గం చేసి కూడితే హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచిక వస్తుంది. ఇది ఎంత ఎక్కువైతే మార్కెట్ అంత తక్కువమంది చేతిలో ఉన్నట్టు. ఊహాత్మకంగా ఐదు దవాఖానల వాటాలు 40, 25, 15, 12, 8 అనుకోండి:

1,600 + 625 + 225 + 144 + 64 = 2,658

వీధుల్లో తిరిగినప్పుడు 15, 12 వాటాలున్నవి ఒకే యజమానివని తేలితే వాటిని 27గా కలపాలి. సూచిక 3,018 అవుతుంది. యజమాని గడి నింపకపోతే ఈ 360 తేడా కనిపించదు. అమెరికా 2023 విలీన మార్గదర్శకాల్లో 1,800 దాటితే అత్యంత కేంద్రీకృత మార్కెట్. ఆ గీత వాళ్ల అవసరానికి గీసుకున్నది. మన దగ్గర దాన్ని పోలికకు వాడొచ్చు, తీర్పుకు కాదు.

ప్రభుత్వ దవాఖానలను కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కించి రెండూ చూపండి. డబ్బులు తీసుకోని దవాఖాన ధరలో పోటీ పడదు, అయినా పక్కనున్న ప్రైవేటు ఎంత అడగగలదో అదే నిర్ణయిస్తుంది. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చాక ప్రభుత్వ దవాఖానలో కాన్పయితే డబ్బు రావడం మొదలైంది కాబట్టి, అంతకుముందు, ఆ తర్వాత వాటాలను ఒకే వరుసలో పెట్టి పోల్చేటప్పుడు ఈ మార్పును చెప్పి తీరాలి.

తర్వాత ఐదో ప్రశ్న జవాబులతో మళ్లింపు నిష్పత్తి తీయండి. "ఎ" దవాఖానకు పోయిన 50 మందిలో 30 మంది రెండో మాటగా "బి" అన్నారంటే 60 శాతం. సూచిక తక్కువగా ఉన్నా ఇది ఎక్కువగా ఉంటే ఆ రెండింటి మధ్యే అసలు పోటీ. రెండూ ఒకే యజమానివైతే అక్కడ పోటీ లేనట్టే.

ఆరోగ్యశ్రీ సేవలను వేరుగా పెట్టండి. ప్యాకేజీ రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి అక్కడ ధర మీద పోటీ ఉండదు. పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. మీరు ఎంచుకున్న చికిత్స ప్యాకేజీల జాబితాలో ఉందో లేదో మొదటే చూసుకోవాలి.

## 8. పోటీకి, ధరకు సంబంధం చూపేటప్పుడు

సూచికను ఒకవైపు, ఖర్చును మరోవైపు పెట్టి రిగ్రెషన్ వేసి "పోటీ వల్ల ధర తగ్గింది" అని రాయకండి. మంచి పేరున్న దవాఖానకు జనం ఎక్కువ వస్తారు, వాటా పెరుగుతుంది, సూచికా పెరుగుతుంది. అక్కడ ధర ఎక్కువుంటే అది పోటీ లేనందుకా, పేరున్నందుకా?

ఆర్థికవేత్తలు కెస్లర్, మెక్‌క్లెలన్ 2000లో వాడిన దారి మనకూ పనికొస్తుంది. అసలు వాటాలకు బదులు, కేవలం దూరాన్ని బట్టి ఏ ఊరివాళ్లు ఎక్కడికి పోతారో అంచనా కట్టి, ఆ అంచనా వాటాలతో సూచిక తీస్తారు. దవాఖాన పేరుప్రతిష్ఠల ప్రభావం అందులోంచి తప్పుకుంటుంది. కండిషనల్ లాజిట్ (ఎవరు ఏది ఎంచుకుంటారో అంచనా కట్టే గణాంక నమూనా) వేయగలిగితే చాలు, ఆర్‌లోనో స్టాటాలోనో అయిపోతుంది.

సిజేరియన్లకు ఇంకా జాగ్రత్త కావాలి. వయసు, తొలి కాన్పా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, కవలలా, ఎదురుకాళ్లతో ఉందా అన్నవి లేకుండా దవాఖానలను పోల్చొద్దు. కాన్పులను ఇలాంటి లక్షణాలను బట్టి విడదీసే రాబ్సన్ పది వర్గాల పట్టిక వేస్తే మేలు. కాన్పు తేదీ, వేళ కూడా రాసుకోండి. మన దగ్గర ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగే కుటుంబాలున్నాయి. మంచిరోజున గుంపుగా కనిపిస్తే అది అడిగినవాళ్ల వైపు నుంచి, ఆదివారాలు తగ్గి పనిదినాల్లో పగటిపూట గుంపుగా కనిపిస్తే డాక్టరు వీలు వైపు నుంచి వచ్చిందని అనుమానించొచ్చు. రెండూ కలిసే ఉంటాయి. తప్పంతా ఒకవైపే నెట్టే వాక్యం కనిపిస్తే గైడు కొట్టేయకముందే మీరే కొట్టేయండి.

## 9. తరచూ ఎదురయ్యే చిక్కులు

- ఖర్చు గడిలో సున్నాలు ఎక్కువ. సగటు నమ్మొద్దు, మధ్యగతం పక్కన పెట్టండి. రెండు భాగాల నమూనా వాడండి: ముందు ఖర్చయిందా లేదా, తర్వాత అయినవాళ్లకు ఎంత.
- "దవాఖానకు పోలేదు" అంటే అవసరం లేదనుకోవడం. పోనివాళ్లను ఎందుకు పోలేదో అడగకపోతే డబ్బు లేనివాళ్లు ఆరోగ్యవంతులుగా తేలతారు.
- పెద్దాసుపత్రిలో మరణాలు ఎక్కువ కాబట్టి వైద్యం బాగాలేదనడం. అక్కడికి వచ్చేవే చేయి దాటిన కేసులు. ఎక్కడి నుంచి రెఫర్ అయిందో ఆ దవాఖాన వరుసలో కూడా చూపండి.
- 640 మందినీ విడివిడి మనుషులుగా లెక్కగట్టడం. ఒకే ఊరివాళ్లు ఒకేలా చేస్తారు. ప్రామాణిక దోషాలు గుంపుల వారీగా తీయండి.

## 10. ఫలితాలు బయట పెట్టేటప్పుడు

దవాఖానల పేర్లకు బదులు అక్షరాలు వేస్తే సరిపోదు. నర్సంపేట లాంటి పట్టణంలో "బి, 50 పడకలు" అంటే అదేదో చదివినవాళ్లు పట్టేస్తారు. ఐదు దవాఖానల కంటే తక్కువున్న మార్కెట్లను పక్క మార్కెట్‌తో కలిపి చూపండి. ఐదుగురి కంటే తక్కువమంది పడిన గడిని ఖాళీగా వదలండి. తల్లుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలును జవాబుల ఫైలు నుంచి మొదటి రోజే విడదీసి, తాళం వేసిన ఒక్క కంప్యూటర్‌లో ఉంచండి. సర్వేయర్ల ఫోన్లలో మిగిలిన కాపీలను ఫీల్డు ముగిసిన రోజే మీ ఎదుట తుడిపించండి.